బొక్క డబ్బా, దాహమేసే రాయి

భూమయ్యకు పుట్టుకతో వచ్చిన విద్య ఒక్కటే: కదలకుండా నిలబడటం. జగిత్యాల దగ్గరి సొంతూళ్లో ఆ విద్యకు గిరాకీ లేకపోయింది. అతను పొలం గట్టు మీద నిలబడితే కొంగలు కూడా మనిషని లెక్కచేయక పక్కనే వాలేవి. "గుంజ లెక్క నిలవడ్డవేంది? బర్రెను గట్టెయ్యన్నా నీకు?" అని భార్య కమలవ్వ రోజుకొకసారైనా అడిగేది. భూమయ్య జవాబు చెప్పేవాడు కాదు. జవాబు చెప్పాలంటే కదలాలి.

1974లో ఒమన్ వచ్చి, సమాయిల్ దగ్గర రోడ్లు వేసే కంపెనీలో పార పనికి చేరాడు. ఎనిమిది నెలలు పారతోనే తెల్లారింది, పారతోనే పొద్దుగూకింది. ఒకరోజు రోడ్డు ఎత్తుపల్లాలు కొలిచే దొరకు కొలకర్ర పట్టుకునే మనిషి కావలసి వచ్చాడు. ఎర్రగీతలు, నల్లఅంకెలు ఉన్న నిలువెత్తు కర్ర అది. దొర దూరం నుంచి దుర్బీనులో చూసి అంకె రాసుకునేదాకా అది వెంట్రుక వాసి కదలకూడదు. నలుగురిని నిలబెట్టి చూశారు. ఒకడు వీపు గోక్కున్నాడు. ఒకడు పక్కన పోయే మేకను చూశాడు. ఒకడు "అయ్యిందా సాబ్?" అని అడిగాడు. నాలుగోవాడు ఇస్తారి, అందరికంటే పొడుగు, గాలి లేకపోయినా ఊగేవాడు. ఐదోవాడు భూమయ్య. ముక్కు మీద ఈగ వాలింది. ముక్కంతా తిరిగి చూసుకుని, ఇక్కడేం లేదని తేల్చుకుని వెళ్లిపోయింది. కర్ర కదల్లేదు.

ఆ రోజుతో పార వదిలింది. చేతికి కర్ర, నెత్తికి గొడుగు వచ్చాయి. భూమయ్య కమలవ్వకు ఉత్తరం రాయించాడు. బడిపంతులు చేత చదివించుకుని ఆమె తిరుగుటపాలో రాయించింది: "నిలవడ్డందుకు గూడ జీతమిచ్చే దేశం ఉన్నదని ముందే తెలిస్తే పెండ్లైన తెల్లారే తోలిద్దును."

దొర పేరు గ్రిఫిత్. ఆ పేరు క్యాంపులో వారం కూడా బతకలేదు, గిరిపతి సారు అయి కూర్చుంది. ఆయనది వేల్స్ అనే దేశం. అది ఇంగ్లండు పక్కనే ఉంటుందనీ, ఇంగ్లండు కిందే నడుస్తుందనీ, అయినా ఆయన్ని ఇంగ్లీషువాడంటే చెవులు ఎర్రబడతాయనీ భూమయ్య కనిపెట్టాడు. పక్కనే ఉండీ ఒకటి కాకపోవడమంటే ఏమిటో జగిత్యాల మనిషికి ఎవరూ విడమర్చి చెప్పనక్కర్లేదు.

పదేళ్లుగా గల్ఫ్ దేశాల్లో మనవాళ్లతో పనిచేయించి సారు హిందీ నేర్చుకున్నాడు. ఆ హిందీలో నిన్న, నేడు, రేపు ఒకే మంచం మీద పడుకునేవి. మధ్యాహ్నం గొడుగు నీడన రొట్టె తింటూ ఆయన ఆ హిందీలోనే తన ఊరు చెప్పేవాడు.

"మా ఊరు చిన్నది. నలభై ఇళ్లు. వాన చాలా. ఊరి ముందు గుట్ట. గుట్ట కాదు. కుంటి రాక్షసుడు చెప్పు దులుపుతాడు, మట్టి పడుతుంది, గుట్ట అవుతుంది. ఊరి వెనక బావి. మూత వెయ్యాలి. మరిస్తే ఊరు మునుగుతుంది. ఒకసారి మునుగుతుంది కూడా."

"మునిగితే మరి మీరెట్ల ఉన్నరు సాబ్?"

"ఇది రెండో ఊరు," అనేవాడు సారు గంభీరంగా.

అన్నిట్లోకీ సారుకు ఇష్టమైనది నిలువురాయి. ఛాతీ ఎత్తు నల్లరాయి, ఊరి బయట ఒంటరిగా నిలబడి ఉంటుంది. దానికి దాహమేస్తే తెల్లవారుజామున ఏటికి నడిచి వెళ్లి నీళ్లు తాగి, కోడి కూసేలోగా వచ్చి తన చోట నిలబడుతుంది. చూసినవాడు లేడు. ఏటి నుంచి రాయి దాకా తడి చారిక మాత్రం సారు నాయనమ్మ చూసింది. సారు చిన్నప్పుడు తాను కూడా చూద్దామని మూడు రోజులు పొద్దున్నే పోయి, జలుబు చేసి తిరిగొచ్చాడట.

కదలకుండా నిలబడేవాడికి, కదిలే రాయి కథ ఎంత నచ్చాలో అంత నచ్చింది. భూమయ్య రూమ్‌కు పోయి చెప్పాడు. అక్కడ వినేవాళ్లు ఇద్దరు. ఒకడు ఇస్తారి, వరసకు బామ్మర్ది. ఇంకొకరు దేవయ్య మామ, అందరికంటే పెద్దవాడు, మంచాన పడ్డ కడుపుతో.

"ఏడున్నది బావా ఆ ఊరు?" అన్నాడు ఇస్తారి.

"సారోళ్ల ఊరు."

"గంత దూరం నేను రాను గని, ఇక్కడిదేదన్న చెప్పరాదు."

భూమయ్య ఆలోచించాడు. మర్నాటి నుంచి గుట్టను, బావిని, రాయిని ఒక్కొక్కటే వేల్స్ నుంచి తెచ్చి సమాయిల్ వాదీ పక్కన దింపాడు. వాదీ అంటే ఆ కొండల నడుమ వానొస్తేనే పారే వాగు. క్యాంపు వెనక మట్టి దిబ్బ రాక్షసుడి చెప్పు దుమ్మయింది. నీళ్ల ట్యాంకుకు మూత వెయ్యకపోతే క్యాంపు మునుగుతుందన్న మాట పుట్టింది. ఆ నెలలో ట్యాంకు మూత ఒక్కసారి కూడా తెరిచి ఉండలేదు. ఫోర్‌మన్ రెండేళ్లు అరిచి సాధించలేనిదది.

ఇక మిగిలింది రాయి.

దానికి కారణం దేవయ్య మామ కడుపు. ఆయనదే కాదు, ఆ వేసవికి ముందు క్యాంపులో సగం కడుపులు చెడ్డాయి. దేవయ్య మామ మంచం మీద నుంచే తీర్పు చెప్పాడు: "బొడ్రాయి లేని జాగల తిన్నది ఎట్ల అరుగుతదిరా? ఊరికి బొడ్డు ఉండాలె. బొడ్డు లేకుంటే కడుపెట్ల కుదురుగ కూసుంటది?"

మాట సబబే అనిపించింది. ప్రతి ఊరి నడుమా ఒక రాయి పాతి, ఏటేటా బిందెలతో నీళ్లు పోసే మనుషులు వాళ్లు. మూడొందలమంది ఉన్న క్యాంపుకు బొడ్రాయి లేకపోవడం అన్యాయమే. ఉగాది తరవాతి శుక్రవారం, డ్యూటీ లేని రోజు, ఎనిమిదిమంది వాదీలోకి దిగి, మడుగు ఒడ్డున పడి ఉన్న ఛాతీ ఎత్తు నల్లరాయిని తాళ్లతో లాక్కొచ్చారు. దారిలో అది ఇస్తారి బొటనవేలి మీద కాసేపు విశ్రాంతి తీసుకుంది. క్యాంపులో తవ్వనివ్వరు కనక, గేటు బయట చిన్న మిట్ట మీద పాతారు.

ఆ మిట్ట అబ్దుల్ వహాబ్ ఖర్జూర తోటను ఆనుకుని ఉంది. వహాబ్ తెల్లగడ్డం ముసలాయన. కుర్రతనంలో ఖర్జూరాల పడవల మీద బొంబాయి తిరిగిన మనిషి, హిందీ భూమయ్య కంటే బాగా మాట్లాడతాడు. ఆయన చేతికర్ర ఆనించుకుని వచ్చి రాయిని చుట్టూ తిరిగి చూశాడు.

"ఇది ఎందుకు?"

ఏడుగురూ భూమయ్య వెనక్కి జరిగారు. నమాజు చేసే పెద్దమనిషికి రాయికి నీళ్లెందుకు పోస్తారో ఎలా చెప్పాలి? భూమయ్యకు నోరు ఎండింది. ఎండిన నోట్లోంచి గిరిపతి సారు కథ జారింది.

"దీనికి దూప ఎక్కువ చాచా. మనం నీళ్లు పొయ్యకపోతే తెల్లారేటాల్లకు అదే నడ్సుకుంట పోయి తాగొస్తది."

వహాబ్ చేతికర్రతో రాయిని తట్టాడు. "అయితే పోయండి. రాత్రిపూట నా ఉల్లిమళ్లు తొక్కుకుంటూ పోతుందేమో. కానీ పూలు, దీపాలు వద్దు. రాయిని రాయిగానే ఉంచండి."

ఒప్పందం కుదిరింది. ఆ శుక్రవారమే వంటవాడు సెలవు మీద పోయాడు, కొత్త వంటవాడు వచ్చాడు. క్యాంపులో కడుపులన్నీ కుదుటపడ్డాయి. కీర్తి రాయికి పోయింది.

వంతులవారీగా రోజూ పొద్దున్నే నీళ్లు పోయాలనుకున్నారు. వంతులు వారం రోజులు నడిచాయి. ఆ తరవాత, ఎక్కడైనా జరిగేదే, మెత్తని మనిషికి మిగిలాయి. భూమయ్య నూనె డబ్బా ఒకటి పట్టుకుని డ్యూటీకి ముందు తోట కాలువకు పోయేవాడు. అక్కడివాళ్లు దాన్ని ఫలజ్ అంటారు. నింపుకుని రాయి దగ్గరికి వచ్చేసరికి మూడోవంతు దారిలోనే కారిపోయేది. డబ్బాకు అడుగున బొక్క. మార్చాలి మార్చాలి అనుకుంటూనే తొమ్మిది నెలలు గడిచాయి.

డిసెంబరులో గిరిపతి సారు కొలతలు ఆ మిట్ట దాకా వచ్చాయి. కొత్త రోడ్డు గీత మిట్ట మీదుగా పోయి, వహాబ్ తోట మూలను కోసుకుంటూ పోవాలి. ఆ మూలలో పదమూడు ఖర్జూర చెట్లు.

చలికాలపు పొద్దు. సారు దుర్బీను దించి, మూడు కాళ్ల మీద నిలబెట్టి, కర్రతో భూమయ్యను మిట్ట పక్కకు పంపాడు. కన్ను ఆనించాడు. ఆ దుర్బీనులో లోకమంతా తలకిందులుగా కనిపిస్తుంది. తలకిందులుగా భూమయ్య, తలకిందులుగా కర్ర, వాటి వెనక తలకిందులుగా ఒక నిలువురాయి. సారు కన్ను తీసి మామూలుగా చూశాడు. రాయి అప్పుడూ అక్కడే ఉంది. దుర్బీను వదిలేసి నడుచుకుంటూ వచ్చాడు. ఎండకు, దుమ్ముకు, నీళ్లకు నల్లగా నునుపుదేలిన రాయి. దాని మొదట్లో తడి. తడి నుంచి దుమ్ములో ఒక చారిక, వంకరటింకరగా, సరిగ్గా ఫలజ్ దాకా.

సారు మోకాళ్ల మీద కూర్చుని ఆ చారికను వేలితో ముట్టుకున్నాడు. తన భాషలో ఏదో అన్నాడు. భూమయ్యకు మాట అర్థం కాలేదు గానీ గొంతు అర్థమైంది. అది నాయనమ్మను పిలిచే గొంతు.

అప్పుడే వహాబ్ తోటలోంచి వచ్చాడు. సారు ఆయన చేతులు పట్టుకున్నాడు. "ఈ రాయి, కథ ఉంది?"

వహాబ్ రాయిని చూశాడు. దుర్బీనును చూశాడు. తన పదమూడు చెట్లను చూశాడు. గడ్డం నిమురుకున్నాడు.

"కథ ఎందుకు లేదు? దీనికి దాహం ఎక్కువ. తెల్లవారుజామున నడిచి వెళ్లి నీళ్లు తాగి వస్తుంది. మా తాత చెప్పేవాడు."

కర్ర పట్టుకుని పది అడుగుల దూరంలో నిలబడ్డ భూమయ్య అంతా విన్నాడు. తన కథ సారు నుంచి తన నోట్లోకి, తన నోట్లోంచి వహాబ్ నోట్లోకి, అక్కడ నుంచి తిరిగి సారు చెవిలోకి చేరింది. సారు కళ్లలో నీళ్లు. "మా ఊరు, ఈ ఊరు, ఒకే మనుషులు! వెయ్యేళ్ల కింద ఒకే మనుషులు!" అంటూ ఆయన దుర్బీను దగ్గరికి పరుగెత్తి కన్ను ఆనించాడు.

కన్ను తీసి తుడుచుకుని మళ్లీ ఆనించాడు.

"భూమయ్యా! కర్ర కదులుతోంది! జ్వరమా?"

జ్వరం కాదు. అబద్ధం. అది మోకాళ్లలో మొదలై మోచేతుల దాకా వచ్చి కర్ర ఎక్కింది. పొద్దంతా ఎక్కడ నిలబెట్టినా కర్ర వణికింది. కొలుచుకుంటూ పోయి మొదలుపెట్టిన చోటికే తిరిగొస్తే మొదటి అంకే రావాలి. ఆ రోజు మూడు వేళ్ల తేడా వచ్చింది. రెండోరోజు నాలుగు వేళ్లు. సారు కోప్పడలేదు. అది ఇంకా అన్యాయం. "ఎల్లుండి మస్కట్ నుంచి పెద్ద ఇంజనీరు వస్తాడు. గీత ఎటు పోవాలో ఆయనే చెప్తాడు. ఆయన ముందు కొలవాలి. నీకు ఒంట్లో బాగా లేదు. ఇస్తారి పట్టుకుంటాడు. నువ్వు పారకు పో," అన్నాడు.

ఆ సాయంత్రం రూమ్‌లో ఇస్తారి చీపురు నిలబెట్టి అభ్యాసం చేశాడు.

"బావా, ఊపిరి దీస్కోవచ్చా?"

"దీస్కో."

"ఇడ్వొచ్చా?"

భూమయ్య గోడకు తిరిగి పడుకున్నాడు. పార పిడి కాయలు అరచేతుల్లో ఇంకా పూర్తిగా మానలేదు. కమలవ్వకు ఏమని రాయించాలి? నిలబడటం కూడా చేతకాలేదని రాయించాలా? దేవయ్య మామ మంచం మీద నుంచి మెల్లగా అన్నాడు: "కక్కెయ్యిరా. కడుపులున్నది అరగదు గని కక్కితే పోతది." కడుపుల విషయంలో ఆయన మాటకు తిరుగులేదు.

మర్నాడు పొద్దున్నే భూమయ్య డబ్బా చేతబట్టుకుని సారు తంబులోకి పోయాడు. అక్కడ బల్ల మీద నాలుగు పేజీల ఉత్తరం, ఆ రాయి గురించి సారు వేల్స్‌లోని తన ఊరి బడిపంతులుకు రాసింది, ఇంకా అంటించకుండా ఉంది.

"సాబ్, ఆ రాయిని నేనే వెట్టిన."

సారు నవ్వాడు. "వెయ్యేళ్ల కింద?"

"మొన్న ఉగాదికి. ఎనిమిది మందిమి. ఇస్తారి బొటనేలు సాక్షి."

"తడి?"

భూమయ్య డబ్బా అందించాడు. సారు దాన్ని ఎత్తి వెలుతురుకు పట్టాడు. బొక్కలోంచి ఒమన్ సూర్యుడు ఒక చుక్కంత ఆయన కంట్లో పడ్డాడు.

"కథ? వహాబ్ కథ?"

"మీదే సాబ్. నా దగ్గర కొన్ని దినాలు ఉండి మీ దగ్గరికే వచ్చింది."

సారు చెవులు ఎర్రబడ్డాయి. ఇంగ్లీషువాడని పిలిచినప్పటికంటే ఎక్కువ. లేచి టోపీ పెట్టుకుని తోట వైపు నడిచాడు. వెనక డబ్బాతో భూమయ్య.

వహాబ్ ఇద్దరికీ ఖర్జూరాలు పెట్టి, కాఫీ పోసి, మొత్తం విన్నాడు. ఆ తరవాత భూమయ్య వైపు తిరిగాడు.

"నువ్వు నిలబెట్టావు. కాదని ఎవరన్నారు? ఎక్కడి నుంచి తెచ్చావు?"

"వాదీల నుంచి, చాచా."

"వాదీలో ఎక్కడ?"

"మడుగు పక్కన..."

"నీళ్ల పక్కన!" వహాబ్ చేతికర్ర నేలకు కొట్టాడు. "ఆ రాయికి నీళ్ల పక్కన ఏం పని? తాగడానికి వచ్చింది. ముసలిది, అక్కడే నిద్రపోయింది. నువ్వు ఇంటికి తెచ్చి దింపావు. దానికి ఇంత ఏడుపా?"

సారుకు కాఫీ ముక్కులోకి పోయింది. దగ్గో నవ్వో తేలడానికి చాలాసేపు పట్టింది. తేరుకుని కళ్లు తుడుచుకుంటుంటే వహాబ్ గొంతు తగ్గించి అన్నాడు: "ఇంజనీర్ సాబ్, ఆ పదమూడు చెట్లు మా నాన్న నాటినవి. మా తాతకు రాయి తెలియదు, నిజమే. కానీ నాకు ఈ ఏడాది రాయి కావాలి."

సారు లేచి పోయి ఆ చెట్లను ఒక్కొక్కటే లెక్కపెట్టాడు. తిరిగి వస్తూ మిట్ట అవతల ఆగి, వాదీ వైపు బూటు కాలితో నేల తన్ని చూశాడు. గట్టి రాతినేల. చిన్న అడ్డుగోడ కడితే రోడ్డు అటు నుంచి కూడా పోతుంది. ఈ సంగతి మొదటి రోజే చూడవలసింది, రాయి మోజులో చూడలేదు.

"రేపు కర్ర నీకే ఇస్తాను," అన్నాడు భూమయ్యతో. "కదిలితే ఇస్తారిది. ఎప్పటికీ."

మర్నాడు జీపులోంచి దిగిన పెద్ద ఇంజనీరు గంగాధరరావు. రాజమండ్రి మనిషి. ఇస్త్రీ చొక్కా, జేబులో అజీర్తి మాత్రల సీసా. సారు ఇంగ్లీషులో రెండు గీతల సంగతీ విడమర్చి చెప్పి దుర్బీను దగ్గరికి పోయాడు. రాయి పాతకాలం నాటిదని వహాబ్ హిందీలో చెప్పి తోట గట్టున నిలబడ్డాడు. భూమయ్య కర్రతో మిట్ట పక్కన నిలబడ్డాడు. గంగాధరరావు మాత్రం రాయి దగ్గరే ఆగిపోయాడు. చుట్టూ తిరిగాడు. తడిని చూశాడు. కర్ర వెనక ఉన్న మనిషి ముఖం చూశాడు.

"ఏవయ్యా," అన్నాడు తెలుగులో, మెల్లిగా. "ఇది బొడ్రాయి కదూ?"

సారుకు తెలుగు రాదు. వహాబ్‌కూ రాదు. ఇద్దరూ ఆశగా చూస్తున్నారు. భూమయ్య కదల్లేదు. పెదవులు మాత్రం కదిలాయి.

"మాదే సార్. ఉగాదికి వెట్టినం."

"ముసలాయనేమో పాతకాలపు రాయంటున్నాడే? ఎంత పాతదేమిటి?"

"నాకన్న ముందు పుట్టింది సార్."

గంగాధరరావు మీసం ఒకవైపుకు వంగింది. "రాయి ఎవడి కన్నా ముందే పుడుతుందిలే." ఇంకా దగ్గరికొచ్చాడు. "మా ఊళ్లో రోడ్డు కోసమని బొడ్రాయిని జరిపారయ్యా. జరిపిన కంట్రాక్టరు మూణ్నెల్లు వెనక్కి నడిచాడు. సంతకు కూడా వెనక్కే. నేను చూళ్ళేదనుకో, మా మేనత్త చూసింది." పొట్ట నిమురుకున్నాడు. "అన్నట్టు, మీ క్యాంపులో తిన్నది అరుగుతోందా?"

"రాళ్లు దిన్నా అరుగుతున్నయి సార్."

"నాకు మస్కట్ వచ్చినప్పటి నుంచీ అరిగి చావట్లేదు. డబ్బా ఏదీ?"

మస్కట్ ఆఫీసు పెద్ద ఇంజనీరు నూనె డబ్బా పట్టుకుని ఫలజ్ దాకా పోయి, ఇస్త్రీ ప్యాంటు మీద ధార కార్చుకుంటూ వచ్చి, రాయి నెత్తిన నీళ్లు గుమ్మరించాడు. పూలు లేవు, దీపం లేదు, ఒప్పందం తప్పలేదు. అటు తిరిగి ఇంగ్లీషులో గట్టిగా అన్నాడు: గోడకయ్యే సిమెంటు పెద్ద లెక్క కాదు, గీతను వాదీ వైపు జరపండి.

ఈ తతంగం జరిగినంత సేపూ సారు దుర్బీను మీంచి కన్ను తీయలేదు. తలకిందుల లోకంలో పెద్ద ఇంజనీరు తలకిందులుగా నీళ్లు పోస్తున్నాడు, ముసలాయన తలకిందులుగా గడ్డం చాటున నవ్వుతున్నాడు. నడుమ కర్ర మాత్రం పాతేసినట్టు ఉంది. సాయంత్రం మొదలుపెట్టిన చోటికి తిరిగొస్తే అంకె అంకెతో కలిసింది. గోరు తేడా కూడా లేదు. ఇస్తారి చీపురును మూల పెట్టి, నిట్టూర్చి, ఈసారి ఊపిరి ధారాళంగా వదిలాడు.

సారు ఆ నాలుగు పేజీల ఉత్తరం చించలేదు. కింద ఇంకో పేజీ రాశాడట. మన ఊరి రాయిని కూడా ఏ భూమయ్య నిలబెట్టాడో అని.

ఆ వారమే సారు మస్కట్‌లోని మత్రా బజారు నుంచి భూమయ్యకు కొత్త డబ్బా తెచ్చి ఇచ్చాడు. తళతళలాడే రేకు, చుక్క కారదు. భూమయ్య దాన్ని వహాబ్‌కు గర్వంగా చూపించాడు. ముసలాయన దాన్ని తిప్పి చూసి, అడుగున తట్టి చూసి, తోటలోకి తీసుకుపోయి కాసేపటికి తెచ్చి ఇచ్చాడు. అడుగున సరిగ్గా మేకు పట్టేంత బొక్క.

"చాచా! ఇదేంది? కొత్తది!"

"కొత్తదే," అన్నాడు వహాబ్. "దారిలో తడి లేకపోతే రేపు ఎవడు నమ్ముతాడు? పో, నింపుకుని రా. దానికి దాహమేస్తోంది."

భూమయ్య ఫలజ్ వైపు నడిచాడు. వెనక దుమ్ములో చుక్కలు చుక్కలుగా రాయి నడిచిన దారి పడుతోంది.